వెనక్కి నడిపినప్పుడే వచ్చే చప్పుడు

ఉదయం ఆరు పది. సన్నటి వాన. నారాయణగూడ చౌరస్తాలో మా ఆర్మీ ట్రక్కు ఆగింది. పదకొండు మందిమి దిగాం. తాళ్లు, టార్చిలైట్లు, నాలుగు జెర్రికాన్ల డీజిలు, ఒక వైర్‌లెస్ సెట్టు, నా పనిముట్ల పెట్టె. ఉన్న రెండు స్ట్రెచర్లనూ గాంధీనగర్ వెళ్లే జట్టు తీసుకుపోయింది. ఆర్డరు రెండు వాక్యాలు. అశోక్‌నగర్‌లో మురుగునాలా పొంగి మునిగిన గల్లీల నుంచి మనుషులను బయటికి తేవాలి. పాలు, మందులు లోపలికి చేర్చాలి.

ఇరవై రెండేళ్ల సర్వీసులో మంచులో పనిచేశాను, ఇసుకలో పనిచేశాను. ఇంటికి అంత దగ్గరగా డ్యూటీ పడటం అదొక్కసారే. మా ఇల్లు చిక్కడపల్లిలో, నడిస్తే పన్నెండు నిమిషాలు. ఇంటికి వెళ్లే అనుమతి మాత్రం లేదు. రెండో రోజు మా ఆవిడే వచ్చి పొడి బట్టల సంచి చేతికిచ్చింది. "సరిహద్దుల ఉన్నా నయముండె. ఫోనన్న ఎత్తుతుంటివి" అని, సమాధానం కోసం చూడకుండా వెళ్లిపోయింది.

మా మకాం ఒక ఫంక్షన్ హాలు. వాన వల్ల అక్కడ జరగాల్సిన పెళ్లి వాయిదా పడింది. మేం వేదిక మీద పడుకునేవాళ్లం. మా జట్టుకు పెద్ద అయిన సుబేదార్ సాబ్ పెళ్లికొడుకు ఎర్ర కుర్చీలో కూర్చుని మ్యాపు చూసేవారు. అది చూసి నవ్వే ఓపిక కూడా ఎవరికీ లేదు.

నేను హవల్దారును, బండ్ల మెకానిక్‌ని. ట్రక్కు సర్వీసు నాకంటే రెండేళ్లే తక్కువ. డ్రైవరు శ్రీకాకుళం వైపు మనిషి, నాయక్ ర్యాంకు. తొమ్మిదేళ్లుగా అదే బండి నడుపుతున్నాడు. మాట తక్కువ.

మాకు అప్పగించిన గల్లీలో ట్రక్కు దూరితే రెండు పక్కలా జానెడు మిగులుతుంది. చివర ప్రహరీ గోడ, దాని అవతల నాలా. బండి తిప్పే చోటు లేదు. ముందుకు వెళ్లాలి, మనుషులను ఎక్కించుకుని అలాగే వెనక్కి రావాలి. మా దగ్గర బండి వెనక్కి వస్తుంటే ఒకడు దిగి వెనక నడవాలి. దారి బాగున్నంతసేపు అరచేత్తో వెనక తలుపు మీద బాదుతూ ఉండాలి. బాదుడు ఆగితే డ్రైవరు ఆగాలి. అద్దాలను నమ్మం, చేతిని నమ్ముతాం. ఆ నాలుగు రోజులూ ఆ చెయ్యి నాదే.

మొదటి రోజు మధ్యాహ్నం డ్రైవరు నా దగ్గరికొచ్చాడు.

"ఇంజన్లో చప్పుడొస్తందన్నా. టక్కు టక్కుమని. రెండు మూడుసార్లు వచ్చి ఆగిపోతంది."

"ఎప్పుడొస్తది?"

"వెనక్కి నడిపినప్పుడే. అదీ మనుషులెక్కినాక."

బానెట్ ఎత్తాను. బెల్టు చూశాను, ఫ్యాను చేత్తో తిప్పి చూశాను. ఇంజను ఆన్ చేయించి, స్క్రూడ్రైవర్ మొన ఒక్కో చోట ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. చౌరస్తా దగ్గర నీళ్లు నిలవని రోడ్డు మీద ఖాళీ బండిని వంద గజాలు వెనక్కి నడిపించి, ఇంజను పక్కనే నడిచాను. ఏ తేడా లేదు. మళ్లీ మనుషులను ఎక్కించి చూడాలంటే గల్లీలోకి వెళ్లాలి. గల్లీలో నా చోటు వెనకాల.

"నేను కొట్టే చప్పుడే నీకు మళ్ల ఇనబడుతుంది. రెండు దిక్కుల గోడలున్నయి గదా" అన్నాను. బండి డైరీలో 'శబ్దం లేదు. బండి ఫిట్' అని రాసి సంతకం పెట్టాను.

రెండో రోజు గల్లీ చివరింటి నుంచి సరోజనక్కను తెచ్చాం. యాభై ఏళ్లుంటాయి. ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. కిడ్నీలు పనిచేయవు. వారానికి మూడుసార్లు నారాయణగూడలోని ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. మేం రాకముందే వాన వల్ల ఒకసారి తప్పిపోయింది. మొహం, కాళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. భర్త పుస్తకాల షాపులో గుమాస్తా. నన్ను పక్కకు పిలిచాడు.

"ఇంకొక్కటి తప్పితే ఊపిరి అందదంటున్నరు డాక్టర్లు. ఎల్లుండి గూడ పదకొండు గొట్టంగ ఉండాలె అన్నా. జర చూడుండ్రి."

"మేమున్నం గదా" అన్నాను.

ఆ రోజు టైముకే చేర్చాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర డ్రైవరు మళ్లీ ఎత్తాడు, ఈసారి అందరి ముందు. "ఇందాక ఆ అక్కని తెస్తన్నప్పుడు గూడా వచ్చిందన్నా." నేను లేచి అతని వెనక నిలబడి, చెవి పక్కన నా కంచాన్ని చెంచాతో కొట్టాను. "ఇదేనా నీ చప్పుడు?" హాలంతా నవ్వింది. రెండు రోజుల తర్వాత మాకు వచ్చిన మొదటి నవ్వు అది. వైర్‌లెస్ ఆపరేటర్ అతనికి 'టక్ టక్' అని పేరు పెట్టాడు. సాయంత్రం సెట్టులో కూడా "టక్ టక్ బయలుదేరిండు, ఓవర్" అన్నాడు. డ్రైవరు కూడా నవ్వాడు. నవ్వాడు కాబట్టి సరిపోయింది అనుకున్నాను.

మూడో రోజు పదకొండు ట్రిప్పులు. చప్పుడు ఊసు లేదు. రోగం కుదిరిందనుకున్నాను. నా అరచేయి వాచిపోయింది. కర్ర ముక్కతో బాదాను.

నాలుగో రోజు ఉదయం తొమ్మిది నలభై. నీళ్లు తొడల దాకా. సరోజనక్క, ఆమె భర్త, పక్కింటివాళ్లు ముగ్గురు ఎక్కారు. ఆమె కూర్చోలేక కూర్చుంది. మాట మాటకీ ఆగి ఊపిరి పీలుస్తోంది. బండి వెనక్కి కదిలింది. నేను బాదుతూ నడుస్తున్నాను. గల్లీ సగానికి వచ్చేసరికి ముందు వైపు గరగరమని, వెంటనే దబ్బుమని చప్పుడు. ఆవిరి లేచింది. ఇంజను ఆగిపోయింది.

నీళ్లలో ఈడ్చుకుంటూ ముందుకు వెళ్లి బానెట్ ఎత్తాను. ఫ్యాను రెక్క రేడియేటర్‌లోకి దూసుకుపోయింది. ఇంజను ఒక పక్క కూర్చునే రబ్బరు దిమ్మె అడ్డంగా తెగి ఉంది. బండి నిలబడి ఉంటే ఇంజను బరువుకి ఆ తెగిన చోటు మూసుకుంటుంది, కంటికి కనబడదు. ముందుకు వెళ్తే ఇంజను ఆ పక్కకే అణుగుతుంది, అప్పుడూ తెలియదు. బరువుతో వెనక్కి లాగినప్పుడే ఆ పక్క పైకి లేస్తుంది, ఫ్యాను రెక్క దాని చుట్టూ ఉన్న రేకుకు తగులుతుంది. టక్కు టక్కు. అది మోగిన ప్రతిసారీ నేను బండికి అటు చివర దబదబా బాదుతూ ఉన్నాను.

డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"నిన్న గూడా వచ్చిందన్నా. మొన్నటి కంటే ఎక్కువ" అన్నాడు.

"మరెందుకు చెప్పలే?"

"నవ్వుతారని."

కోపంగా అనలేదు. అడిగాను కాబట్టి చెప్పాడు.

ఆపరేటర్ సెట్టు ఎత్తాడు. "బండి చెడిపోయింది. పేషెంట్ లోపలే ఉంది. ఇంకో బండి కావాలి, ఓవర్."

"రెండు గంటలు పడుతుంది, ఓవర్."

గల్లీ మొదట్లో ఉన్న సుబేదార్ సాబ్ నీళ్లలో నడిచొచ్చి నా వైపు చూశారు. "ఠీక్ హోగా?"

"నహీ సాబ్" అన్నాను.

పక్కింటి మేడ మీది నుంచి నవారు మంచం ఒకటి దించారు. సరోజనక్కను దాని మీద కూర్చోబెట్టి, నలుగురం మంచాన్ని నాలుగు మూలలా భుజాలకెత్తుకున్నాం. ముందు డ్రైవరు, ఆపరేటర్. వెనక నేను, ఆమె భర్త. మెయిన్ రోడ్డు నాలుగు వందల మీటర్లు. నీళ్ల అడుగున స్కూటర్లు, మూత లేచిన మ్యాన్‌హోళ్లు. డ్రైవరు కాలితో తడుముతూ చెప్పాడు. "గుంత. ఎడమకి. ఆగండి." చెప్పిన ప్రతిదానికీ ఆగాను, తిరిగాను. ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. రోడ్డెక్కాక ఆటో దొరికేసరికి ఇంకో అరగంట. ఆస్పత్రి చేరేసరికి పదకొండు ఇరవై. ఆమె మిషన్ మీద వేరేవాళ్లను పడుకోబెట్టారు. మధ్యాహ్నం రెండింటికి గానీ ఖాళీ కాలేదు. అప్పటిదాకా ముక్కుకు ఆక్సిజన్ పెట్టి వరండాలో కూర్చోబెట్టారు. సాయంత్రం భర్త ఫంక్షన్ హాలుకు వచ్చి, "జర ఊపిరి కుదుటపడ్డదన్నా" అని చెప్పి, మాకు దండం పెట్టి వెళ్లాడు.

అయిదో రోజు నీళ్లు తగ్గాయి. ట్రక్కును ఇంకో బండికి కట్టి లాక్కుని వెళ్లాం. డైరీలో రాశాను: 'డ్రైవర్ రెండుసార్లు చెప్పాడు. నేను నమ్మలేదు. తప్పు నాది.' సుబేదార్ సాబ్ చదివి సంతకం చేశారు. డ్రైవరుతో కూడా తప్పు నాదేనన్నాను. "వదిలెయ్యన్నా" అన్నాడు. తర్వాత పద్నాలుగు నెలలు కలిసి పనిచేశాం. ఏ బండిలో ఏ లోపం వచ్చినా కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టి వెళ్లేవాడు. నోటితో ఒక్కసారి కూడా చెప్పలేదు. అది నాకు తగిన శిక్షే, కానీ చాలా బరువుగా ఉండేది.

ఇప్పుడు రిటైరై చిక్కడపల్లిలోనే ఉంటున్నాను. పొద్దున నడకలో కలిసేవాళ్లు మంచు గురించి, కాల్పుల గురించి అడుగుతారు. ఏదో చెబుతాను. కళ్లు మూసుకుంటే కనబడేది ఆ మంచమే.

సగం దారిలో ఉన్నాం. డయాలసిస్ సూది గుచ్చే చెయ్యి తడవకూడదని సరోజనక్క దానికి పాలిథిన్ కవరు తొడిగి తలకంటే పైకి ఎత్తి పట్టుకుంది. ఆమె మెల్లగా మెడ తిప్పి నన్ను చూసింది.

"ఏమనుకోకు తమ్మీ. నా వల్ల మీకందరికి పరేషాన్ అయితుంది."

ముందు నడుస్తున్న డ్రైవరు ఒక్క క్షణం ఆగాడు. తప్పు నాదని ఆమెకు చెప్పేస్తాడేమో అనుకున్నాను. "గుంత" అన్నాడు, అంతే. మంచాన్ని భుజం మీద సర్దుకుని "గట్లేం లేదక్కా" అన్నాను. ఆమె నాకు దండం పెట్టబోయింది. ఒక చెయ్యి కిందికి దించకూడదు, రెండో చెయ్యి మంచం పట్టెను వదలకూడదు. అందుకని నా వైపు తల వంచింది.