ఇరాన్ సారును ఒక్కసారే అడిగాను

మా కింది అంతస్తులో ఉండే ఇరాన్ సారు పోయిన మంగళవారం ఆసుపత్రిలో చనిపోయారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "నాన్నకు తోడుగా ఉన్నందుకు థాంక్స్" అని కూడా అంది. ఆ మాట తీసుకునే అర్హత నాకు లేదు. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

జర్మనీలో ష్వైన్‌ఫర్ట్ అనే ఊళ్లో ఆ ఇంట్లో దిగిన మొదటి వారమే ఆయన్ని టీకి పిలిచాం. గౌరవంగా ఉంటుందని పాలు మరగకాచి, చిక్కగా, మన హైదరాబాద్ ఇరానీ చాయ్ చేసి ఇచ్చాను. ఆయన ఒక గుక్క తాగి కళ్లద్దాలు తీశారు.

"బాగుంది. కానీ ఇది ఏ ఇరాన్?"

వాళ్ల దేశంలో టీలో పాలు పోయరట. మరుసటి ఆదివారం తన వంటింట్లో ఎర్రటి టీ పోసి, చక్కెర బిళ్ల పళ్ల మధ్య పెట్టుకుని తాగడం నేర్పారు.

ఇరాన్‌లో ఆయన బడిలో భూగోళం చెప్పేవారు. నా చదువు పదో తరగతితో ఆగింది. తర్వాతదంతా దొరికిన పుస్తకాల నుంచి నేర్చుకున్నదే. అది తెలిశాక ప్రతి ఆదివారం నాకు పాఠమే. రొట్టెల కాగితం సంచి చింపి, పెన్సిల్‌తో ఇరాన్ గీసేవారు. కూర్చున్న పిల్లిలా ఉండేది. పైన కాస్పియన్ సముద్రం, దాన్ని ఆనుకుని వరి పండే నేల. కొండలు దాటితే వాన కరువు, నడిమధ్య ఉప్పు ఎడారి. వేల ఏళ్ల కిందటే కొండల అడుగు నుంచి సొరంగాలు తవ్వి ఊళ్లకు నీళ్లు తెచ్చుకున్నారట. "రాజుల పేర్లు మరిచిపోయినా ఫర్వాలేదు, సొరంగం తవ్వినవాణ్ణి మరవకు" అనేవారు. గోల్కొండ ఏలినవాళ్ల పూర్వీకులు ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చారని చెప్పిందీ ఆయనే. కోట పక్కనే పెరిగినా నాకు తెలియదు.

"గ్రీకులు, అరబ్బులు, మంగోలులు, అందరూ మమ్మల్ని గెలిచారు. గెలిచాక మా మర్యాద నేర్చుకున్నారు" అని నవ్వేవారు.

ఆ మర్యాద ఏమిటంటే, ఏది ఇస్తామన్నా మొదట వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి చెప్పేదే అసలు జవాబు. "ఎడారి దాటి వచ్చినవాడు దాహమని నోటితో అనడు. మూడుసార్లు అడగడం ఇంటివాడి పని." మన మొహమాటం లాంటిదే అన్నాను. "అయితే నీకు వివరించక్కర్లేదు" అన్నారు.

పోయిన నెల ఒక ఉదయం ఆయన మెట్ల దగ్గర కనిపించారు. చేతిలో చిన్న సంచి. ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ ఉంది, గుండె పరీక్ష అన్నారు.

"నేను రానా సార్?"

"వద్దు వద్దు, నీకెందుకు శ్రమ?"

"సరే సార్, జాగ్రత్త."

జర్మనీలో వద్దంటే వద్దనే. మెట్లెక్కుతూ నాకు నేను చెప్పుకున్న మాట అది.

సాయంత్రం నా భార్యకు చెబితే కోటు కూడా విప్పకుండా నిలబడిపోయింది.

"ఒక్కసారి అడిగి ఊకున్నవా?"

"ఆయనే వద్దన్నడు."

"మా అమ్మోళ్లింట్ల ఇంకింత కూర ఎయ్యాల్నా అంటె నువ్వెన్నడన్న ఎయ్యుమన్నవా? మూడుమాట్ల వద్దని నాలుగోమాటు గిన్నె ఊడ్చినవ్ గదా!"

ఆమె నవ్వించడానికి అనలేదు.

ఆయన్ని ఆసుపత్రిలోనే ఉంచేశారు. నేను చూడటానికి వెళ్లేసరికి మాట పడిపోయింది. మళ్లీ ఇంటికి రాలేదు.

రోజూ జరిగింది రెండు ముక్కల్లో రాసుకునే అలవాటు నాకుంది. ఆ రోజు తేదీ కింద "వాన. సెలవు. బట్టలు ఉతికాను" అని ఉంది. ఆయన మాటే లేదు. ఇంకొకటి కూడా రాయలేదు, నా భార్యకూ చెప్పలేదు.

ఆ ఉదయం పైకి వచ్చాక కిటికీలోంచి చూశాను. బస్టాపు మా ఎదురుగానే. ఆయన గొడుగు కింద నిలబడ్డారు. ఆసుపత్రి వైపు వెళ్లే బస్సు వచ్చి ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి. ఆయన ఎక్కలేదు. డ్రైవరుకు చేయి ఊపి పంపేశారు. తర్వాత మా ఇంటి తలుపు వైపు తిరిగి నిలబడ్డారు, రెండో బస్సు వచ్చేదాకా.