అక్క తిండికి భయపడిన రోజుల్లో తిరుపతిలో తిన్న ఇటాలియన్ ర్యాప్

మా అక్క శారదకు చిత్తూరులో చిన్న టైలరింగ్ షాపు ఉంది. నాలుగు నెలల క్రితం ఆమెకు షుగర్ ఉందని తెలిసింది. డాక్టరు అన్నం తగ్గించమంటే అక్క దాదాపు మానేసింది. ఇడ్లీ కూడా బియ్యమేనని వదిలేసింది. జాకెట్లన్నీ వదులై, తనవి తానే విప్పి మళ్లీ కుట్టుకుంటుంటే చూసి నాకు భయం వేసింది. ఇటాలియన్ ర్యాప్ గురించి ఫోన్లో చదివింది నేనే. కూరగాయలు, ఆకులు, కాస్త చీజ్ పలచటి రొట్టెలో చుట్టి ఇస్తారనీ, తేలికైన ఆరోగ్యకరమైన భోజనమనీ రాసి ఉంది. ఎలాగూ తిరుపతిలో పరీక్షలు చేయించాలి కాబట్టి, అక్కడే ఒక కేఫ్‌లో అది తినిపిస్తానని అక్కను ఒప్పించాను.

ఉదయం ఆరున్నరకు చిత్తూరులో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. పూతలపట్టు, చంద్రగిరి మీదుగా ఎనిమిదిన్నరకు తిరుపతి బస్టాండులో దిగాం. ల్యాబుకు నడిచే వెళ్లాం. పరగడుపున రక్తం ఇచ్చేసరికి తొమ్మిదిన్నర. రోజూ టిఫినుకు ముందు వేసుకునే మాత్రను అక్క అక్కడే వేసుకుంది. ఎదురుగా బండి మీద ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి. తినమన్నాను. "వద్దులే. నువ్వు చెప్పినదే తింటా" అంది. నేనూ గట్టిగా చెప్పలేదు.

కేఫ్ తిరుచానూరు వెళ్లే దారిలో ఉంది. ఆటో ఎనభై రూపాయలు. "అమ్మవారి గుడికా అమ్మా?" అని డ్రైవర్ అడిగాడు. కాదు, ఆ దారిలోని కేఫ్‌లో తినడానికని చెప్తే, "ఆ అంగడి పదిన్నరకు గానీ తెరవరు. తొందరగా పోయి ఏం చేస్తారు?" అన్నాడు. తలుపు తీసేదాకా బయట మెట్ల మీదే కూర్చున్నాం.

తెరిచాక రెండు ర్యాప్‌లు చెప్పాను. ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. పది నిమిషాలైనా కాకముందే అక్క కొంగుతో నుదురు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఫ్యాన్ కింద కూర్చున్న మనిషికి అంత చెమట ఎందుకో నాకు అర్థం కాలేదు. నీళ్ల గ్లాసు ఎత్తబోతే చెయ్యి వణికి సగం నీళ్లు బల్ల మీద ఒలికాయి. పిలిస్తే నా వైపు చూసింది గానీ మాట రాలేదు.

వంటగదిలోంచి వంటావిడ బయటికి వచ్చింది. నలభై ఐదేళ్లు ఉంటాయి. పేరు మునెమ్మ అని తర్వాత తెలిసింది.

"ఈయమ్మకు షుగర్ ఉండాదా?"

"ఉండాది. మాత్ర ఏసుకునింది. ఇంకా ఏమీ తినలేదు" అన్నాను.

"తినకుండా ఎట్ల ఏసుకునిందమ్మా?" అంటూనే లోపలికి వెళ్లి, గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల చక్కెర కలుపుకొచ్చి అక్క చేత తాగించింది. "మాయమ్మకు ఇట్లే అయ్యేది. కూసోనీ, లేపద్దు."

పావుగంటకు చెమట ఆగింది. అక్క మొదట అన్న మాట, "చక్కెర తాగిస్తివా?" మునెమ్మ నవ్వలేదు. "షుగర్ బాగా దిగిపోయింది. తాగకపోతే పడిపోయేదానివి గదమ్మా" అంది.

ర్యాప్ షుగర్ ఉన్నవాళ్లకు మంచిదేనా అని అప్పుడు అడిగాను. ముందే అడగాల్సింది.

"బోర్డు మీద అట్లే రాసినారు. చేసేది నేను గదా, నాకు తెలుసు. రొట్టె మైదాది. మయోనైజ్ అంతా నూనే. చీజ్ రెండు పలకలు. కూరగాయలు పైకి కనపడేంత ఏస్తాము. గోధుమ రొట్టె కూడా ఉండాది, అడిగినోళ్లకే చేస్తాము."

మావి ఇంకా చుట్టలేదు కాబట్టి ఆమెనే అడిగి మార్పించాను. గోధుమ రొట్టెలో ఉడికించిన శనగలు, పనీరు, కాల్చిన వంకాయ, క్యాప్సికమ్, టమాటా పెట్టింది. తులసి జాతి ఆకుల్ని ఆలివ్ నూనె, వెల్లుల్లితో నూరిన పచ్చడి మాత్రం తీయలేదు. ఒక్కోటి నూట తొంభై రూపాయలు. అక్క రెండు ముక్కలు నమిలి, "మనం చపాతీలో కూర చుట్టుకున్నట్టే ఉండాదే" అంది. "అదేనమ్మా. ఇదేమన్నా మందా" అంది మునెమ్మ. అక్క మొత్తం తినేసింది. నాలుగు నెలల్లో ఆమె కంచం ఖాళీ చేయడం అదే మొదటిసారి చూశాను.

మధ్యాహ్నం రెండింటికి ల్యాబు దగ్గరి డాక్టరమ్మ రిపోర్టులు చూసి, జరిగింది విని, మాత్ర మోతాదు సగానికి తగ్గించారు. అక్క ఏం తింటోందో ఒక్కొక్కటిగా అడిగి రాసుకున్నారు. "మీరు తినడం మానేసినందుకే ఇట్ల అయింది" అన్నారు. అక్క తల దించుకుని విన్నది.

నాలుగింటి బస్సులో కిటికీ పక్కన కూర్చుని అక్క ఉడికించిన వేరుశనక్కాయలు వలుచుకు తింది. తినొచ్చా అని నన్ను అడగలేదు. ఒక వంటకం పేరు పట్టుకుని అది మంచిదని నమ్మడమూ, ఇడ్లీ పేరు విని భయపడడమూ ఒకే రకం తప్పని నాకు ఆ రోజు అర్థమైంది. ఇటాలియన్ ర్యాప్ మంచిదా కాదా అంటే, లోపల ఏముందో, ఎంత ఉందో, తినే మనిషి ఏ స్థితిలో ఉన్నారో చూసి చెప్పాల్సిన మాట. నేను ఆ మూడూ చూడకుండానే అక్కను అంత దూరం తీసుకెళ్లాను.

ఇలాంటి పరీక్షలకు వెళ్లేవాళ్లకు ఒక సూచన: టిఫిను కళ్లెదుట కంచంలోకి వచ్చేదాకా షుగర్ మాత్ర సంచిలోనే ఉంచండి.