గోదావరిఖని దారిలో ఎర్రజెండా దగ్గర ఆగిన పాత బండి

కిందటి వానాకాలంలో మా ఊరి వాగు దాటే చోట బడిపిల్లల ఆటో బోల్తా పడింది. అందులో మా అమ్మాయి కూడా ఉంది. ప్రాణాలు పోలేదు కానీ ఒక పిల్లకు చెయ్యి విరిగింది. హైస్కూలు మా ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. బస్సు అంతకు ముందే ఆగిపోయింది. ఇక ఆడపిల్లల్ని బడి మాన్పిస్తామని మూడిళ్ళవాళ్ళు అన్నారు. నాకు లైసెన్సు ఉంది, కొన్నేళ్ళు జీపు నడిపాను. వాగులో దిగినా ఇబ్బంది పడని ఎత్తు బండి ఒకటి కొని, ఆరుగురు పిల్లల్ని నేనే తీసుకుపోయి తీసుకొస్తానని వాళ్ళ ముందు మాటిచ్చాను. కొత్తది కొనే శక్తి లేదు. అందుకే 2010 మే చివర్లో పాత ఏడు సీట్ల ఎస్‌యూవీ కోసం గోదావరిఖని బయలుదేరాను. బడులు తెరవడానికి మూడు వారాలు కూడా లేవు.

అక్కడికే ఎందుకంటే, బొగ్గు గనుల్లో అధికారులను తిప్పడానికి ప్రైవేటు బండ్లను కిరాయికి పెట్టుకుంటారు. కొన్నేళ్ళు తిరిగాక వాటిని తీసేసి కొత్తవి పెడతారు. తీసేసినవి అమ్మకానికి వస్తాయి. ఒకే రోజు నాలుగైదు బండ్లు చూడొచ్చని విన్నాను. మీరూ అదే పని మీద వెళ్తుంటే ఈ అనుభవం ఉపయోగపడవచ్చు.

కరీంనగర్ బస్టాండులో ఉదయం ఐదున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు నలభై రూపాయల లోపే. సుల్తానాబాద్ రైసుమిల్లులు దాటి ఆరున్నరకు పెద్దపల్లిలో ఆగితే టీ తాగాను. అక్కడి నుంచి కొంత దూరం పోయాక రామగుండం కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడతాయి. బస్సు ఎంత పోయినా అవి దగ్గరకు వచ్చినట్టు ఉండదు. తీరా దగ్గరకు వచ్చాక తల ఎత్తి చూస్తే వాటి చివర కిటికీలోంచి కనబడదు. ఏడున్నరకు గోదావరిఖనిలో దిగాను. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు టీకొట్ల ముందు నిలబడి ఉన్నారు. స్నానం చేసి వచ్చినా వాళ్ళ కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు బొగ్గు మిగిలే ఉంది.

మా అక్క భర్త మల్లయ్య బావ బస్టాండుకు వచ్చాడు. భూమి లోపలి గనిలో ముప్పై రెండేళ్ళు పని చేశాడు. చివరి పదిహేనేళ్ళు సర్దారుగా ఉండి రిటైరయ్యాడు. షిఫ్టు మొదట్లో కార్మికుల కంటే ముందు వెళ్ళి, తలమీది బండ గట్టిగా ఉందో లేదో చూసి, ఆ తరువాతే మనుషుల్ని పనిలోకి వదిలేవాడు సర్దారు. అంతవరకు నాకు తెలుసు. ఎట్లా చూస్తాడో మాత్రం ఎన్నడూ అడగలేదు.

అక్క పెట్టిన సర్వపిండి తిని తొమ్మిది గంటలకు బండి చూడడానికి వెళ్ళాం. యజమాని పేరు ఓదెలు, ముప్పై అయిదేళ్ళ మనిషి. తండ్రి బొగ్గుబాయి కార్మికుడు. ఆ బండిని ఓదెలు ఏడాది కిందట వేరొకరి దగ్గర కొని, ఓపెన్‌కాస్టు గనిలో కిరాయికి తిప్పుకున్నాడు. బండి తెల్లగా కడిగి ఉంది. సీటు కవర్లు కొత్తవి. నేను చుట్టూ తిరిగి చూస్తుంటే బావ నవ్వాడు.

"ఏం బామ్మర్ది, పిల్లను సూడవోయినట్టు మొఖమే సూత్తున్నవ్. నడిపిచ్చి సూడాలె గద!"

"నడిపియ్యుండ్రి కాక, నేనేమన్న వద్దంటున్ననా?" అన్నాడు ఓదెలు.

ముందు సలీం భాయ్ షెడ్డుకు తీసుకెళ్ళాం. గని బండ్లు ఎక్కువగా ఆయన దగ్గరికే వస్తాయి. చూసినందుకు రెండు వందలు తీసుకుంటాడు. మీటరు డెబ్బై ఎనిమిది వేలు చూపిస్తోంది. తక్కువే తిరిగిందని నేను సంబరపడ్డాను.

"మీటరు సూడకు భాయ్. అది జూట మాట్లాడ్తది. క్లచ్ పెడల్ సూడు" అన్నాడు సలీం. పెడల్ మీది రబ్బరు అరిగి ఇనుము కనబడుతోంది. "గుంతలకెల్లి పైకి ఎక్కుడంటె ఫస్టు గేరే. సార్లు దిగి పని సూసుకుంటరు, ఏసీ కోసం ఇంజన్ బందు వెట్టరు. కిలోమీటర్లు ఏడికెల్లి వస్తయ్?"

డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా లాగి చూపించాడు. బయటికి వచ్చే సగం శుభ్రంగా ఉంది. లోపల చుట్టుకుని ఉండే సగం బొగ్గుతో నల్లగా ఉంది. గాలి ఫిల్టరు తీసి నేలకు కొడితే పిడికెడు నల్లపొడి రాలింది. క్లచ్ ప్లేట్లు మార్చాలి. ముందు చక్రాల దగ్గరి రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి. స్టీరింగు వదులుగా ఆడుతోంది. వెనక అద్దాలు రెండు కిందికి దిగవు. గట్టిగా తొక్కితే నల్లపొగ వస్తోంది, ఇంజెక్టర్లు కడగాలి. ఇన్ని చెప్పి చివరికి, "ఇంజన్ల దమ్మున్నది. ఖర్చు వెట్టుకుంటె నడుస్తది. ఫికర్ లేదు" అన్నాడు. నాకూ అంతే కావాలి. మనసులో బండి కొనేసినట్టే అనుకున్నాను.

పైకి ఎక్కే రోడ్డు మీద ఒకసారి నడిపి చూద్దామని భోజనాలయ్యాక ఒంటిగంటకు కమాన్‌పూర్ దారి పట్టాం. ఓదెలు నడుపుతున్నాడు. ఒకచోట ఆపి, దిగి చూడమన్నాడు. కట్ట మీద నిలబడి కిందికి చూశాను. ఓపెన్‌కాస్టు గనిని అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. మా ఊరు, ఊరి పొలాలు, పక్క ఊరు అన్నీ అందులో పట్టేట్టున్నాయి. మెట్లు మెట్లుగా రాయి, దాని కింద మళ్ళీ రాయి, అట్టడుగున నల్లటి చార. ఆ చార కోసమే మిగతాదంతా తవ్వారు. అడుగున చీమల్లా ఏవో కదులుతున్నాయి. అవి డంపర్లని, ఒక్కొక్క చక్రం మనిషి కంటే ఎత్తుంటుందని ఓదెలు చెప్పాడు. ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటి ఉంటుంది. అయినా అక్కడి నుంచి కదలాలనిపించలేదు.

మళ్ళీ ఎక్కి అర కిలోమీటరు పోయామో లేదో ఎర్రజెండా పట్టుకున్న మనిషి బండి ఆపాడు. బ్లాస్టింగు టైము. మా వెనక లారీలు, మోటారు సైకిళ్ళు వరుసగా ఆగాయి. సైరను మోగింది. అందరూ ఇంజన్లు ఆపేశారు, మేమూ దిగి నిలబడ్డాం. మొదట కాళ్ళ కింద నేల కదిలింది, ఆ తరువాత చప్పుడు వచ్చింది. మట్టిగుట్టల వెనక నుంచి దుమ్ము గోడలా లేచి అలాగే నిలబడిపోయింది. నేను బండి తలుపు పట్టుకుని ఉండిపోయాను. బావ మాత్రం బీడీ ముట్టించుకున్నాడు.

పేలని మందు ఏమైనా మిగిలిందా అని లోపల చూసి, మళ్ళీ సైరను వేసేదాకా దారి వదలరు. ఇరవై నిమిషాలు పట్టొచ్చన్నారు. అంతమంది ఉన్నా ఎక్కడా చప్పుడు లేదు. బావ బీడీ పారేసి, జాకీ రాడ్ అడిగి తీసుకున్నాడు. తువ్వాల రోడ్డు మీద పరిచి బండి కిందికి దూరాడు.

"ఏం జేస్తున్నవ్ కాక? కాలుతది!" అన్నాడు ఓదెలు.

"నువ్వు జర సప్పుడు జెయ్యకు."

బండి మొత్తం బరువు మోసే రెండు ఇనుప దూలాలు అడుగున ముందు నుంచి వెనకదాకా ఉంటాయి. ఛాసిస్ అంటారు. బావ ఎడమ అరచెయ్యి దాని మీద ఆనించి, కుడిచేత్తో రాడ్ పట్టుకుని జానెడుకు ఒకసారి కొడుతూ వెనక్కి జరుగుతున్నాడు. కుడివైపు అయిపోయింది. ఎడమవైపు వెనక చక్రం దాకా వచ్చి ఆగాడు. ముందుకు జరిగి మళ్ళీ కొట్టాడు.

"బామ్మర్ది, ఇట్ల రా. ఇనవడ్డదా?"

నేను పక్కన పడుకుని విన్నాను. నాకు రెండు చప్పుళ్ళూ ఒకటే.

"చెవులు నీకేడున్నయ్! చెయ్యి వెట్టు." నా అరచేతిని ఇనుము మీద పెట్టి ముందువైపు కొట్టాడు. అదురు మోచేతిదాకా వచ్చింది. చెయ్యిని మూరెడు వెనక్కి జరిపి కొట్టాడు. ఏమీ రాలేదు. దెబ్బ తగిలిన చోటే చచ్చిపోయింది.

"బండ గిట్ల పలికితె దాని కిందికి ఎవ్వల్ని పోనియ్యకపోయేటోన్ని" అన్నాడు.

స్పానరుతో అక్కడ గీకాం. అడుగంతా పూసిన నల్లరంగు పెచ్చులుగా ఊడింది. కింద అతుకేసిన పలక, దాని అంచున వెంట్రుక మందాన పగులు, పగులులో ఎర్రటి తుప్పు. బావ రోడ్డు పక్కన సున్నపురాయి ముక్క ఏరి, దాని మీద అడ్డంగా రెండు గీతలు గీశాడు. గని లోపల చెడ్డ బండ మీద సర్దారు గీసే గుర్తట అది. బయటికి వచ్చి ఓదెలును పోయి చూడమన్నాడు.

ఓదెలు కిందికి దూరి చూసి, వేళ్ళకు అంటిన తుప్పు చూసుకుంటూ బయటికి వచ్చాడు. వెల్డింగు గట్టిదేనని వాదిస్తాడనుకున్నాను.

"నాకు తెల్వదు కాక. రంగు నేను కొన్నప్పుడే ఉండె. మొన్ననే గీ బండిలనే మా పిల్లలను ఏములాడ గుడికి తీస్కపోయిన."

"నీకెట్ల తెలుస్తది? సలీంకే తెల్వలేదు."

"గీ బండి ఎందుకు కొంటున్నరన్న మీరు?" అని నన్ను అడిగాడు. ఆరుగురు పిల్లలని చెప్పాను.

సైరను మోగింది. జెండా మనిషి దారి వదిలాడు. నేను తలుపు తీయబోతే ఓదెలు చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దన్న. మీరిద్దరు వెనక లారీల రాండ్రి. నేను మెల్లగ తెస్త." మొన్నటి దాకా అదే బండిలో ఆరుగురు సార్లను ఎక్కించుకుని గనిలోకి దిగి ఎక్కినవాడు, ఖాళీ బండిని నడిచే మనిషి వేగంతో నడిపించుకుంటూ ముందు పోయాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు, తిట్టారు. అతను వేగం పెంచలేదు.

సాయంత్రం అయిదింటి బస్సుకు ఒట్టి చేతులతో తిరిగి వచ్చాను. వారం తరువాత బావ ఫోను చేసి పిలిస్తే మళ్ళీ వెళ్ళాను. ఈసారిది ఇంకా పాత బండి, రంగు వెలిసింది, ఏసీ లేదు. బావ అరగంట దాని కింద పడుకుని లేచి, "పిల్లలను ఎక్కియ్యి" అన్నాడు. కొన్నాను. ఆరుగురూ బడికి పోతున్నారు. ఆ రోజు నేను చూసినవాటిలో పొగగొట్టాలు పెద్దవి, గని అంతకంటే పెద్దది, నేలను కదిలించిన ఆ చప్పుడు ఇప్పటికీ ఒంట్లో ఉంది. కానీ ఎక్కువగా తలపుకు వచ్చేది ఇనుము మీద ఆనించిన ఆ అరచెయ్యి. పదిహేనేళ్ళు రోజూ చీకట్లో ఆ చేత్తో చూసి మనుషుల్ని లోపలికి పంపాడు, షిఫ్టు దిగాక ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు. మా ఇంట్లో పెళ్ళికి వచ్చినప్పుడు వంటపాత్రలు మోసే పని ఆయనకు చెప్పేవాళ్ళం.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: పాత బండి అడుగున కొత్త నల్లరంగు కనబడితే, అది గీకి చూడనివ్వని చోట బయానా డబ్బులు ఇవ్వకండి.