వదినను చూసి ఆడబిడ్డ ఎత్తు

ఈ రోజు భద్రాచలంలో హాకీ అకాడమీ సెలక్షన్‌కు మా ఆడబిడ్డ జ్యోతిని తీసుకెళ్లాను. బంతి కర్రకు అతుక్కుందా అన్నట్టు ఆడింది. ఆట అయ్యాక కోచ్ సార్ నన్ను కిందికీ పైకీ చూసి పెదవి విరిచారు.

"ఆట మంచిగనే ఉంది. గానీ అక్కే గింత పొట్టిగుంది, ఈ పిల్ల ఇంకేం పెరుగుతది?"

జ్యోతి కళ్లలో నీళ్లు తిరిగాయి. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. అయినా అన్నాను.

"నేను అక్కను కాదు సార్, వదినను. వాళ్ల అన్న మా గుమ్మంల వంగి నడుస్తడు."

ఆయన నవ్వలేదు. "గట్లనా? రేపు అన్నను తీస్కరామ్మా, చూద్దాం" అన్నారు.

రేపు మా ఆయన కూలి పని మానుకుని వెళ్తున్నారు. ఆయన ఎత్తు చూసి జ్యోతిని తీసుకుంటే సంతోషమే. కానీ ఈ రోజు ఆమె ఆట చూసి తీసుకుని ఉంటే ఇంకా బాగుండేది కదా. మీరేమంటారు?