ఒరలో పెట్టిన కత్తులు

మా ఆయనకు కుదురు లేదు. రిటైరైన ఫిట్టరు, కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు కదా! గంటకోసారి ముందుగదిలోకి వెళ్ళి, అద్దాల బీరువాలో తేమ మీటరు చూసి వస్తాడు. ఆ బీరువాలో ఇరవై ఆరు బాయ్‌నెట్లు. సిపాయిలు తుపాకీ మొనకు తగిలించుకునే కత్తులన్నమాట. పాత ఇనుము కొట్లన్నీ జల్లెడ పట్టి ముప్పై ఏళ్ళుగా పోగుచేశాడు. నూలు గ్లవ్స్ లేనిదే ముట్టుకోడు, నన్ను అసలే ముట్టుకోనివ్వడు. చేతి చెమటకు తుప్పు పడుతుందట. పెళ్ళాం చెయ్యి ఎన్నిసార్లు పట్టుకున్నాడో గాని, ఆ గ్లవ్స్ మాత్రం వారం వారం నా చేతే ఉతికిస్తాడు.

మోకాలి ఆపరేషనుకని ఆయన నెల్లాళ్ళు ఆసుపత్రిలో ఉన్నాడు. నేను పగలు అక్కడ, రాత్రి ఇక్కడ. ఆ మధ్యలో మనవరాలు బంతితో బీరువా అద్దం పగలగొట్టింది. దాని చేతులు ఊరుకోవు, ఎక్కడ కోసుకుంటుందోనని నా భయం. గ్లవ్స్ తొడుక్కుని మరీ, ఒక్కో కత్తినీ దాని తోలు ఒరలో దూర్చి, అన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాను. కత్తి ఉండాల్సింది ఒరలోనే కదా! ఆయన బెంగపడతాడని చెప్పలేదు, పైగా నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆయన ఇంటికొచ్చిన మూడో రోజున మ్యూజియం ఆఫీసరు రావాలి. నచ్చితే అన్నీ తీసుకుని జనానికి చూపిస్తారు. కత్తులు వెళ్ళిపోతాయన్న దిగులు ఆయనకు లేదు. ఇంత పాతవి ఇంత బాగా ఎలా కాపాడారండీ అని, తెలిసినవాళ్ళ నోట ఒక్క మాట వినాలి, అంతే.

ముందురోజు మంచం దిగి, ఖాళీ బీరువా చూసి అడిగితే జరిగింది చెప్పాను; పెట్టె తెరిచాడు. మొదటి కత్తి ఒరలోంచి లాగితే గోధుమరంగు మచ్చలు. రెండోదీ అంతే. మొత్తం పదకొండింటికి తుప్పు. తోలు వానాకాలం తేమంతా పీల్చుకుని ఇనుముకు పూసిందట. దాచేటప్పుడు కత్తి వేరుగా, ఒర వేరుగా ఉంచాలట. అదేం శాస్త్రమో, నాకెవరు చెప్పారు? ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. కుంటుకుంటూ ఆ గదికీ ఈ గదికీ తిరుగుతూనే ఉన్నాడు.

ఆఫీసరమ్మ వచ్చింది. కత్తులు చూసి మొహం చిట్లించింది.

“ఒరల్లో పెట్టిందెవరండీ? ఈమాత్రం తెలీదా?”

“నేనేనమ్మా,” అన్నాడు ఆయన. “తెలీక పెట్టాను.”

నేను నోరు తెరవబోతే, మంచినీళ్ళు పట్రమ్మని లోపలికి పంపేశాడు. తిరిగొచ్చేసరికి ఆమె కాగితం రాసి సంతకానికి ఇచ్చింది. ఆయన భుజం మీదుగా చదివాను. యజమానికి సంరక్షణ గురించి బొత్తిగా అవగాహన లేదట. మిగతావీ పాడవకముందే అన్నిటినీ మ్యూజియానికి తరలించాలట. తీసుకుంటున్నారు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన రెండుసార్లు చదువుకుని సంతకం చేశాడు.

నాకు ఆగలేదు. ఆమె వెనకాలే గేటుదాకా పరుగెత్తాను.

“అమ్మా, ఆ పని చేసింది నేను. మావారికి అన్నీ తెలుసు. ఆ ముక్క కొట్టేయండి.”

ఆమె నా చెయ్యి పట్టుకుని జాలిగా నవ్వింది.

“మీవారిని వెనకేసుకొస్తున్నారు. ఆ మాత్రం అర్థం చేసుకోగలనులెండి.”