కరీముల్లా పేరు మీద

ఈ మాట ఏళ్ల తరబడి నాలోనే ఉంది. మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది సూళ్లూరుపేట, అంగళ్ల వీధి. నాకు బేరం మాటలతోపాటే వచ్చింది. ధర తగ్గించమంటే నవ్వుతూ తగ్గించాలి, తగ్గించింది సరుకులో లాగాలి. పాత్రలమ్మే ఇంట్లోంచి కంప్యూటర్ నెట్‌వర్కుల పనిలోకి వచ్చినా ఆ బుద్ధి నా వెంటే వచ్చింది.

అల్లూరు దగ్గర రొయ్యల కోల్డ్ స్టోరేజీలో నెట్‌వర్క్ స్విచ్‌లు పెట్టే పని దొరికింది. కంప్యూటర్లు, కెమెరాలు, అలారం, అన్నిటి తీగలూ వచ్చి కలిసే పెట్టెలవి. వాటికుండే కన్సోల్ పోర్టుకు ల్యాప్‌టాప్ తగిలించి సెట్టింగుల్లోకి వెళ్లే ప్రతి మనిషికీ సొంత పేరు, సొంత పాస్‌వర్డ్ ఉండాలి. ఎవరు చూడవచ్చో, ఎవరు మార్చవచ్చో హద్దులు పెట్టాలి. యజమాని ధర బాగా కోశాడు. నేను ఆ హద్దుల పని కోసేశాను. ఒకే పేరు పెట్టి అధికారాలన్నీ దానికే ఇచ్చేశాను. ఆ పేరు అక్కడి ఎలక్ట్రీషియన్ కరీముల్లాది. పాస్‌వర్డ్ అతనికి చెప్పాను. తన పేరు మిషన్లోకి ఎక్కిందని మురిసిపోయాడే కానీ అతను దాన్ని ఎన్నడూ వాడలేదు. వాడుకున్నది నేను.

కొన్నాళ్లకు కొత్త కెమెరా కలపడానికి వెళ్లి, ఆ పేరుతోనే లోపలికి వెళ్లాను. పనిలో పనిగా, ఖాళీ అనుకుని ఒక లైను మూసేశాను. అది అలారానిది. ఆ వారంలోనే కూలింగ్ ఆగింది. అలారం మోగలేదు. గదినిండా రొయ్యలు కుళ్లిపోయాయి.

ఎవరు మూశారో కనుక్కోమని యజమాని పిలిపించింది ఎవరిని? నన్నే. స్విచ్‌లోకి వెళ్లి చూశాను. పేరు, తేదీ కనబడ్డాయి. ఆ రోజు దాని ముందు కూర్చున్నది నేనే.

“ఎవురయ్యా మూసింది?” అన్నాడు యజమాని.

“కరీముల్లా పేరుంది సార్.”

పక్కనే ఉన్న కరీముల్లా నవ్వబోయాడు. “ఏందన్నా, పరాచికాలా? ఆ పెట్టె నేను ముట్టుకున్న పాపాన పోలేదే! నువ్వే చెప్పన్నా సార్‌కి.”

“పాస్‌వర్డ్ ఎవురికన్నా చెప్పినావేమో, గుర్తు తెచ్చుకో” అన్నాను.

“అల్లా సాక్షిగా ఎవురికీ చెప్పలేదన్నా.”

“అయితే నువ్వే గదరా!” అన్నాడు యజమాని.

ఆ పాస్‌వర్డ్ పెట్టింది నేనేనన్న సంగతి కరీముల్లాకు తట్టలేదా? తట్టినా, అన్నా అని పిలిచే మనిషిని అనుమానించలేకపోయాడా? నాకు తెలియదు. నేను అబద్ధమాడలేదు కదా అని మాత్రం ఎన్నిసార్లు అనుకున్నానో. పేరుందన్నాను, ఉంది. తేదీ మాత్రం చెప్పలేదు. నిజాన్ని కూడా తూకం తగ్గించి అమ్మవచ్చని అక్కడే తెలిసింది.

ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేశారు. చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలవాళ్లు ఎవరూ చేర్చుకోలేదు. చిట్టమూరులో అత్తగారింటికి చేరాడని విన్నాను, వెళ్లి చూడలేదు. నోరు తెరిస్తే నా కాంట్రాక్టులు పోతాయి, తెరవకపోతే అతని బతుకు పోతుంది. ఈ రెంటిలో నాకేది గిట్టుబాటో తేల్చుకోవడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. తర్వాత ఆ స్విచ్‌లన్నిటికీ విడివిడి పేర్లు, హద్దులు ఉచితంగా పెట్టి వచ్చాను. యజమాని మెచ్చుకున్నాడు. సిగ్గులేకుండా ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాను.

నా పేరు చెప్పకుండా మీ ముందు ఒప్పుకోవడం కూడా చవకలో తేల్చుకునే బేరమేనా? కావచ్చు. క్షమించమని అడగను, క్షమించవలసింది మీరు కాదు. ఒక్కసారి మాత్రం తగ్గించకుండా చెప్పనివ్వండి. ఆ లైను మూసింది నేను. మూసింది నేనేనని తెలిసీ అతని పేరు చదివింది కూడా నేనే.