ఉడికిన గుడ్డు చెడదని తీర్మానం

మా చర్చిలో ఏ సంగతైనా కమిటీయే తేలుస్తుంది. క్వైరు ఆడపిల్లలకు ఏ రంగు చీరలు, మైకు ఎవరి దగ్గర ఉండాలి, షామియానా ఏ చెట్టుకు కట్టాలి, అన్నీ చేతులెత్తి తేల్చేవే. ఉడకబెట్టిన గుడ్డు ఎన్నాళ్లు నిలవుంటుందో కూడా చేతులెత్తి తేల్చవచ్చని మాత్రం ఈ ఏడు ఈస్టర్ దాకా నాకు తెలియదు.

ఈస్టర్ నాడు తెల్లవారుతుండగానే మేమందరం సమాధుల తోటలో చేరతాం. మా మా వాళ్ల సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి సూర్యోదయ ఆరాధన చేసుకుంటాం. తర్వాత గేటు దగ్గరే పలహారం. పెద్దలకు బన్ను, పిల్లలకు బన్నుతో పాటు తలా ఒక రంగు గుడ్డు. గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చినట్టు ప్రభువు సమాధిలోంచి లేచాడని పిల్లలకు చెబుతాం. ఉడకబెట్టిన గుడ్డులోంచి పిల్ల ఎలా వస్తుందని ఒకడు అడిగితే వాణ్ని వెనక వరసలో కూర్చోబెట్టాం.

ఆ గుడ్లు తినేది ఆదివారం, ఉడికేది గురువారం. శుక్రవారం గుడ్ ఫ్రైడే కాబట్టి చర్చి వంటింట్లో పొయ్యి వెలిగించరు. శనివారం పొద్దున్నించి పిల్లలు రంగులు వేయాలి. అందుకని గురువారం సాయంత్రమే పెద్ద డేగిసాల్లో పెట్టి ఉడికించేస్తారు. ఏటా ఈస్టర్ మర్నాడు కొంతమంది పిల్లలు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతారు. తెల్లవారకముందే లేపాం, తర్వాత ఎండ తగిలింది అనుకుని మజ్జిగ తాగించేవాళ్లం. ఇరవై ఆరేళ్లు స్కూల్లో జీవశాస్త్రం చెప్పిన నేను కూడా ఎండనే తిట్టాను.

ఈ ఏడు నన్ను సండే స్కూలు సూపరింటెండెంటును చేశారు. ఆ హోదాలో గురువారం సాయంత్రం సామాన్ల గదిలోకి తొంగిచూశాను. పైన సిమెంటు రేకులు, బయట ఏప్రిల్ ఎండ. ఆ వేడిలో నాలుగు వెదురు బుట్టల నిండా ఉడికిన గుడ్లు, చుట్టూ జరీ కాగితం. పక్కన హాల్లో ఫ్రిజ్ తెరిచి చూస్తే, మిగిలిన పచ్చి గుడ్లు మూడు ట్రేలు దొరబాబుల్లా చల్లగా కూర్చున్నాయి. ఆదివారం మధ్యాహ్నం కమిటీ భోజనంలో ఎగ్ మసాలాకట అవి.

లోకమంతా తలకిందులుగా కనిపించడం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. పచ్చి గుడ్డు పెంకు మీద కంటికి కనబడని సన్నటి పొర ఉంటుంది. ఆ పొర పోకుండా, పెంకు పగలకుండా ఉంటే ఈ ఎండల్లో కూడా నీడపట్టున వారం రోజులు నిలుస్తుంది. చలికాలంలో రెండు వారాలైనా నిలుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే నెల దాటినా ఏమీ కాదు. కిరాణా కొట్టువాడు ట్రేలను బయటే పేరుస్తాడు, వాడేమీ తెలివితక్కువవాడు కాదు. ఉడకబెట్టామంటే ఆ పొర పోతుంది. పెంకుకు ఉన్న సన్న రంధ్రాల గుండా ఏదైనా లోపలికి పోవచ్చు. ఉడికిన గుడ్డు ఫ్రిజ్‌లో పెంకుతో వారం ఆగుతుంది, బయట రెండు గంటలకు మించి నమ్మకూడదు. మావాళ్లు ఆగగలిగినదాన్ని చల్లగా దాచారు, ఆగలేనిదాన్ని రేకుల కింద మూడు రాత్రులు ఉంచబోతున్నారు.

ఆ రాత్రి ఆరాధన అయ్యాక కమిటీలో చెప్పాను. మా సెక్రటరీ అంకుల్‌ది సైనిక్‌పురి, మిలిటరీలో రేషన్ స్టోరు చూసి రిటైరయ్యారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నా మాట పూర్తయ్యేదాకా విన్నారు.

"చూడు టీచరమ్మా, ఫౌజుల ముప్పై ఏండ్లు స్టోరు చూసిన. కాచిన పాలు ఉంటయి, కాచిన చారు ఉంటది. పచ్చి గుడ్డుల ప్రాణం ఉంటది, అది చెడుతది. ఉడికినంక ఇంక దాంట్ల ఏముందమ్మా చెడనీకి?"

"ఉడికినంక ఇంకా తొందరగా చెడుతుంది అంకుల్. కనీసం బుట్టల్లోవి ఫ్రిజ్‌లో పెట్టి, పచ్చివి బయట పెట్టండి."

"గుడ్డొచ్చి పిల్లను ఎక్కిరించినట్టుంది" అన్నారాయన. నాకు యాభై నాలుగేళ్లు. అయినా కమిటీ అంతా హాయిగా నవ్వింది.

చివరికి ఓటింగు పెట్టారు. గుడ్లు ఆదివారం దాకా బాగుంటాయన్నవాళ్లు పదకొండు మంది, బాగుండవన్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ పదకొండు చేతుల్లో మా ఆయన చెయ్యి ఒకటి. పాస్టరు అయ్యగారు సంఘ ఐక్యత కోసం ప్రార్థన చేసి ముగించారు. మెజారిటీ వచ్చిన సంగతి గుడ్లలో పెరిగే క్రిములకు ఎవరు చెబుతారో తీర్మానంలో రాయలేదు.

అల్వాల్‌లో మా ఇంటికి స్కూటర్ మీద వెళ్తుంటే మా ఆయన సర్దిచెప్పబోయారు. "నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు అంతమందిలో ఎందుకు చెప్పు? ఆయన పెద్దాయన."

"ఆయన పెద్దరికం గుడ్డుకు తెలియదండీ" అన్నాను.

శనివారం పిల్లలు రంగులు వేశారు. నాలుక బయటపెట్టి, ముక్కులకు రంగు పూసుకుని, పెంకు మీద సిలువలు, పూలు, ఒకరిద్దరు క్రికెట్ బ్యాట్లు గీశారు. వాళ్లు చూడకుండా ఒక గుడ్డు ఒలిచాను. వాసన పెద్దగా లేదు, వేళ్లకు మాత్రం జిగురు తగిలింది. సెక్రటరీ అంకుల్‌కు ఫోన్ చేసి చెబితే, ప్రార్థన చేసి పంచుదామన్నారు. నాకు ఒళ్లు మండింది. ఒక్క పిల్ల నోట్లోకి కూడా ఈ గుడ్డు పోనివ్వకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

ఆదివారం సమాధుల తోటలో ఆరాధన ముగిసింది. పిల్లలు వరసలో నిలబడ్డారు. నేను మైకు అందుకుని, ఈసారి పెద్దలను గౌరవించుకుందామని, తీర్మానం చేసిన కమిటీ సభ్యులు మొదట తిని పిల్లలను ఆశీర్వదించాలని ప్రకటించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. బుట్ట తీసుకుని నేనే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను.

ఒకాయనకు కొలెస్ట్రాల్ గుర్తొచ్చింది. ఒకావిడ నలభై రోజుల ఉపవాసం ఇంకా విడవలేదట, చేతిలో సగం తిన్న బన్ను ఉంది. అయ్యగారికి పక్క సంఘంలో ఇంకో ఆరాధన ఉందట. పొద్దున పూట తనకు గుడ్డు పడదన్నారు మా ఆయన. రోజూ పొద్దున్నే రెండు గుడ్ల ఆమ్లెట్ వేసి పెట్టేది నేనే. సెక్రటరీ అంకుల్ ఒక్కరే ధైర్యం చేసి ఎర్ర గుడ్డు ఒకటి ఒలిచారు. ముక్కు దగ్గరికి తీసుకెళ్లి, మెల్లగా బుట్టలో పెట్టేశారు.

అందరం కాసేపు సమాధుల వైపు చూశాం. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నారు.

"సరే, మన పిల్లలకు వద్దులే. వేస్ట్ చేసుడు సుత పాపమే గద. వాచ్‌మన్ పిల్లలున్నరు, ఎనక బస్తీ పిల్లలున్నరు. వాళ్లకు పంచుదాం, పరిచర్య అయితది."

కమిటీ ముఖాలన్నీ ఒక్కసారి తేటపడ్డాయి. దీనికి ఓటింగు కూడా అవసరం పడలేదు. బన్ను తింటున్నావిడ 'ఆమెన్' అంది. నోరు విప్పితే సమాధుల తోటలో అనకూడని మాటలు వచ్చేవి. ఒక బుట్ట ఎత్తి నడుముకు ఆనించుకుని, పారేయడానికి గేటు వైపు నడిచాను.

గేటు పక్క గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. వాళ్లావిడ గడపలో కూర్చుని చిన్నదానికి జడ వేస్తోంది. నన్ను చూసి లేచి, ఇంకో బుట్ట తను ఎత్తుకొచ్చింది.

"గోడ ఎనక గుంత ఉంది, రా టీచరమ్మా. ఏటా గీడనే పారేస్త."

"ఏటా ఏమిటి?" అన్నాను.

"మరేంది. మిగిలిన గుడ్లు మాకే ఇస్తరు గద. మీ ముందల వద్దంటే మనసుకు తీసుకుంటరని తీసుకుంట. మీరు పోయినంక పారేస్త. మొదటేడు తెల్వక మా పెద్దోనికి పెట్టిన. వాంతులు, విరేచనాలు. రెండు దినాలు దవాఖానల ఉన్నం."

"అయ్యో, ఎవరితోనైనా చెప్పాల్సింది కదమ్మా."

ఆమె బుట్ట కింద పెట్టి నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"చెప్పిన గద. నీకే చెప్పిన. ఎండలకు అట్లనే అయితది, మజ్జిగ తాపియ్యి అన్నవ్."

నాకేమీ గుర్తురాలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నా చేతిలో బుట్ట ఆమే తీసుకుని గుంతలో కుమ్మరించింది.